పైకి చూడని మనిషి

"అదిగో, తలుపు మీద. పైకి చూడండి," అంటూ బొహ్దానా గొడుగు ఎత్తి చూపించింది. గుంపులో తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి వాలాయి. ఒక్క తల మాత్రం కదల్లేదు.

బూడిదరంగు కోటు వేసుకున్న పెద్దాయన ఒకడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తలుపు మీద చెక్కిన రాతి చేపను చూడటం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలను ఒక్కొక్కటిగా, తొందరేం లేనట్టు చూసుకుంటూ వస్తున్నాడు. చివరికి ఆ చూపు బొహ్దానా మీదికి వచ్చి ఆగింది.

వచ్చాడన్నమాట, అనుకుందామె.

గురువారం రదోవాన్ ఫోన్ చేసినప్పటినుంచీ ఆమె ఎదురుచూస్తున్నది ఈ మనిషి కోసమే. ఊరు చూపించే ఈ నడకలు ఏర్పాటు చేసే సంస్థ రదోవాన్‌ది. "నీ మీద ఎవరో చాడీ చెప్పారు బొహ్దానా. లేనిపోని కథలు కల్పించి చెబుతున్నావట," అన్నాడు. "గైడ్ల సంఘంవాళ్ళు ఒకరిని పంపుతున్నారు. మామూలు మనిషిలా గుంపులో కలిసి వింటారు. ఎవరు, ఎప్పుడు అని నన్నడక్కు, నాకూ చెప్పలేదు. నిజమని తేలితే మాత్రం నీ గైడు బిళ్ళ తీసేసుకుంటారు."

మెడలో వేలాడే ఆ బిళ్ళ పోయినా ఆమెకు తిండికి లోటు రాదు, పింఛను ఉంది. కానీ వారంలో ఆమె గొంతు ఆమెకే వినబడేది ఆదివారం ఒక్కరోజే. తక్కిన రోజుల్లో దుకాణంలో రొట్టె అడగడానికీ, మెట్లమీద ఎదురైనవాళ్ళకు నమస్కారం చెప్పడానికీ తప్ప నోరు విప్పే పని ఉండదు.

ప్రాగ్‌లో వాన పడుతున్నా ఆదివారం పొద్దున్నే ఇలాంటి నడకలకు జనం వస్తారు. పుట్టి పెరిగిన ఊరినే చుట్టపుచూపుగా చూసి రావడం వాళ్ళకు అలవాటు. మాలా స్త్రానా అనే ఈ పాతపేట సందుల్లో ఇళ్ళకు నంబర్లు లేని కాలంలో తలుపు మీది బొమ్మే ఇంటి పేరు. చేప ఇల్లు, తాళంచెవి ఇల్లు, బాతు ఇల్లు. ఆ బొమ్మలన్నీ తలెత్తితే గానీ కనబడవు. అందుకే తలెత్తని మనిషి ఆమె కంట్లో నలుసులా పడ్డాడు.

ఆమెకు ఆ లెక్క ఈనాటిది కాదు. పాత కమ్యూనిస్టు ప్రభుత్వం రోజుల్లో ఆమెకు పని నేర్పిన యర్మిలా మొదటివారమే చెవిలో ఊదింది. "పైకి చూడండి అని చెయ్యెత్తు. చూడ్డానికి వచ్చినవాడు పైకి చూస్తాడు. నిన్ను వినడానికి వచ్చినవాడు నిన్ను చూస్తాడు. వాడి ముందు తేదీలు తప్ప ఇంకేం మాట్లాడకు." ఆ లెక్క ఏనాడూ తప్పలేదు. ప్రభుత్వం పోయింది, యర్మిలా పోయింది, గుంపులో తలలు వెదికే చూపు మాత్రం బొహ్దానాను వదల్లేదు.

తాళంచెవి ఇంటి దగ్గర ఆమె కట్టిన శతాబ్దం చెప్పింది, యజమానుల పేర్లు చెప్పింది, ఊరుకుంది. మామూలుగా అక్కడ ఒక కమ్మరి కథ చెబుతుంది. జనం పకపకా నవ్వుతారు. ఇవాళ ఆ కథ నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది.

గుంపులో ఒకావిడ మొగుడి డొక్కలో పొడిచింది. "కథలు బ్రహ్మాండంగా చెబుతుంది అన్నావ్."

"నాకేం తెలుసే, మా ఆఫీసులో అందరూ అన్నారు."

"మీ ఆఫీసువాళ్ళు బడికి వెళ్ళినట్టు లేదు. అందుకే బ్రహ్మాండంగా ఉంది వాళ్ళకి."

ఎర్ర ఊలుటోపీ పెట్టుకున్న ఇంకొకావిడ ఆ మాటకు గట్టిగా నవ్వి, ఫ్లాస్కులోంచి టీ వంపుకుని, "పోన్లెండమ్మా, వానలో ఆవిడకూ గొంతు పట్టేసి ఉంటుంది. కాస్త తాగుతారా టీచరమ్మా?" అంది. చేప దగ్గర అందరికన్నా ముందు తలెత్తింది ఈవిడే. బొహ్దానా తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళు బూడిదరంగు కోటు మీదే ఉన్నాయి.

ఆయన ఏమీ రాసుకోవడం లేదు. ఫొటోలు తియ్యడం లేదు. రాసుకునేవాళ్ళు చేతగానివాళ్ళు, అనుకుందామె. గట్టివాళ్ళు తలలోనే పెట్టుకుపోతారు. ఆమె వాక్యాలు ఇంకా పొట్టివైపోయాయి. తను మాట్లాడుతుంటే తనే పక్కన నిలబడి, ప్రతి మాటనూ జల్లెడ పడుతున్నట్టుంది. ఇద్దరు ముగ్గురు వెనకబడి, కాఫీ కొట్టు కనబడగానే అందులోకి జారుకున్నారు.

బాతు ఇల్లు వచ్చింది. తలుపు మీద రాతి బాతు మెడ వెనక్కి తిప్పి చూస్తుంటుంది. "ఇసుకరాయి. చెక్కింది ఎవరో తెలియదు," అని బొహ్దానా ముందుకు కదిలింది.

"బాతు గురించి చెప్పరా?"

బూడిదరంగు కోటు మనిషి. నోరు విప్పడం ఇదే మొదలు.

"చెప్పాను కదండీ."

"అది కాదు. ఎందుకు వెనక్కి చూస్తోందో. వసంతకాలంలో చెప్పారు."

ఇంతకుముందు కూడా వచ్చాడు. అంటే వినడానికి వచ్చినవాడే కాదు, చాడీ చెప్పినవాడూ ఇతనే. ఇప్పుడు అందరిముందూ మళ్ళీ చెప్పించి సాక్ష్యం కూడగట్టుకుంటున్నాడు. బొహ్దానా చెవులు వేడెక్కాయి.

"మీకు బాతు మీద అంత ప్రేమ ఉన్నట్టు లేదే," అంది. "పొద్దున్నుంచీ చూస్తున్నాను. ఒక్క బొమ్మను కూడా మీరు తలెత్తి చూడలేదు. జనాన్ని చూడ్డానికైతే ట్రామ్ ఎక్కితే చాలు. వానలో నా వెనక దేనికి?"

పెద్దాయన కోటు కాలరు కొంచెం కిందికి లాగాడు.

"ఎత్తలేనమ్మా," అన్నాడు. "మెడ ఎముకలు అతుక్కుపోయాయి. చాలా ఏళ్ళయింది. నాకు ఈ ఊళ్ళో కనబడేది మనిషి ఎత్తు వరకే." తర్వాత, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా, "మీరు చెబుతుంటే వీళ్ళ మొహాలు చూస్తాను. ఎవరు నవ్వితే ఎలాంటి బొమ్మో కొంచెం తెలుస్తుంది. ఇవాళ ఎవరి మొహంలోనూ ఏమీ కనబడలేదు," అన్నాడు.

ఎర్రటోపీ ఆవిడ తల దించుకుంది. డొక్కలో పొడిచినావిడ మొగుడి చెయ్యి పట్టుకుంది. బొహ్దానాకు సిగ్గు వేసింది, కానీ ఆ సిగ్గు కిందే మరో గొంతు పలికింది: ఇలాంటి సాకులు వాళ్ళ దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటాయి. తన సిగ్గుకన్నా ఆ గొంతే తనకు ఎక్కువ దగ్గరిదని గ్రహించి ఆమె కాస్త భయపడింది. "క్షమించండి," అని మాత్రం పైకి అంది. ఇక చూపించేదేం లేదని చెప్పి నడక అక్కడితో ముగించింది.

జనం చెదిరిపోయారు. ఎర్రటోపీ ఆవిడ ఫ్లాస్కు సంచీలో పెట్టుకుంటూ దగ్గరికి వచ్చింది.

"మిమ్మల్ని ఇంకా నలిపెయ్యడం న్యాయం కాదు. సంఘం పంపింది నన్నే," అంది మెల్లగా. "దిగులు పడకండి. మీరు చెప్పినదాంట్లో ఆధారం లేని మాట ఒక్కటీ లేదు, అదే చెబుతాను. మనలో మాట, కొంచెం నిద్రొచ్చింది."

బిళ్ళ నిలిచింది. ఎవరికి భయపడి నోరు కట్టుకుందో ఆ మనిషి వల్లే నిలిచింది. ఆయన ఇంకా బాతు ఇంటి గుమ్మం ముందే ఉన్నాడు, చూరు కింద, వాన తగ్గాలని కాబోలు. ఆయన కళ్ళ ముందు ఉన్నది మూసిన తలుపు ఒక్కటే.

ఎర్రటోపీ ఆవిడ గొడుగు తెరుస్తోంది. ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగితే సరిపోతుంది. బొహ్దానాకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే, ఆగకుండా గుమ్మం దగ్గరికి నడిచింది.

"దాని మెడ ఎడమవైపు తిరిగి ఉందండీ," అంది ఆయనతో, ఎప్పటి గొంతుతో. "ముక్కు కొంచెం విరిగింది. చెక్కినవాడి భార్య అలిగి నదివైపు వెళ్ళిపోయిందట. ఆవిడ వచ్చేది అటునుంచేనని బాతును అటు చూసేట్టు చెక్కాడు. ఇంటి యజమాని తిట్టినా మార్చలేదు."

వెనక అడుగుల చప్పుడు ఆగింది. "ఇది ఎక్కడుందండీ?" అంది ఎర్రటోపీ ఆవిడ.

బొహ్దానా వెనక్కి తిరిగింది. "ఎక్కడా లేదు. నేనే అల్లాను. ఎవరూ నవ్వని రోజున."

ఆవిడ కాసేపు ఇద్దరినీ చూసింది. "నేను ఈపాటికి వెళ్ళిపోయి ఉండాల్సింది," అని గొడుగు వాల్చుకుని నడిచిపోయింది. అది జాలో బెదిరింపో ఆ వీపును ఎంతసేపు చూసినా బొహ్దానాకు అంతుపట్టలేదు.

"మరి ఆ భార్య తిరిగొచ్చిందా?" అన్నాడు పెద్దాయన.

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె ఆలోచించింది.

"ఇంకా అనుకోలేదండీ," అంది.