అరుపు ఆగితే అడుగు ఆపాలి

మా ముసలోడు, అంటే నా మొగుడు ఈవరి, సెట్టర్ జాతి వేటకుక్కను తెచ్చుకుంటానన్న రోజు, చేతిలో ఉన్న రొట్టెముక్క కింద పెట్టి ఆయన మొహంలోకి చూశాను. వాళ్ళ తాత కాలం నుంచీ మా ఇంట్లో నిక్కుచెవుల ఎర్రకుక్క తప్ప ఇంకో జాతి గడప తొక్కలేదు, ఇప్పుడున్న రుస్కో కూడా ఆ జాతిదే. సెట్టర్లంటే ఈయనగారికి ఎంత లోకువో మంచుదేశపు మా కైనూ అడవుల్లో తెలియనివాళ్ళు లేరు. పిట్ట వాసన తగలగానే ఒక కాలు పైకెత్తి నిలబడిపోతుందట, ఎవరైనా వచ్చి చెప్పు తొడుగుతారేమోనని. ముప్పై ఏళ్ళుగా ఇదే హాస్యం ఆడి, ముప్పై ఏళ్ళుగా తనే ముందు నవ్వాడు. అలాంటి మనిషి బళ్ళో మాస్టారు ఆర్విద్ దగ్గరకు వెళ్ళి, ఆయన సెట్టర్ ఈనిన పిల్లల్లో ఒకటి కావాలని అడిగి వచ్చాడు. వచ్చే ఆదివారం మాస్టారు పిల్లను తెచ్చి ఇస్తానన్నాడట.

"మరి రుస్కో?" అన్నాను.

ఆయన కాఫీ సాసరులో పోసుకుని, పంటి మధ్య చక్కెరబిళ్ళ పెట్టుకుని జుర్రాడు. నాకు అర్థమైంది.

మా వైపు వేటకుక్క చెడిపోతే ఇంకొకరికి అంటగట్టరు, అది పరువు తక్కువ పని. ఊరికే కట్టేసి మేపరు కూడా. పెరట్లో స్నానాల ఆవిరిగది వెనక్కి తీసుకెళతారు. యజమానే తీసుకెళతాడు, తన తుపాకితోనే. ఫలానావాడు కుక్కను ఆవిరిగది వెనక్కి తీసుకెళ్ళాడంటే ఇంకెవరూ వివరం అడగరు, ఆ వారం అతనితో కొంచెం మెల్లగా మాట్లాడతారు.

మొరిగే కుక్క కరవదంటారు. మా అడవుల్లో మొరిగే కుక్కే కూడు పెట్టింది. నా కాపురంలో నాలుగు ఎర్రకుక్కల్ని చూశాను గానీ రుస్కో లాంటిది లేదు. వయసు ఆరేళ్ళు, నక్క రంగు, వీపు మీదికి చుట్టుకున్న తోక. మెత్సో అని మా అడవిలో నల్లటి పెద్ద పక్షి ఉంటుంది, దాని పుంజు టర్కీ కోడి అంత బరువు తూగుతుంది. నేల మీద మేస్తున్న మెత్సోను రుస్కో వాసన పట్టి లేపుతుంది. అది ఎగిరి ఏ పైన్ చెట్టు మీదో వాలుతుంది. రుస్కో ఆ చెట్టు కింద చేరి ముందు మెల్లగా, పాపను నిద్రపుచ్చుతున్నట్టు మొదలుపెడుతుంది. తోక అటూ ఇటూ ఊపుతూ, కాస్త పక్కకు జరుగుతూ, అరుపు పెంచుతుంది. పైన ఉన్న పక్షి మెడ సాచి, ఈ పిచ్చిది ఎవరురా అన్నట్టు కిందికే చూస్తూ ఉండిపోతుంది. దానికి ఇంకో లోకం ఉండదు. వేటగాడు రెండో వైపు నుంచి ఆ అరుపు చాటున నడిచి వస్తాడు.

మెళకువంతా ఆ నడకలోనే ఉంది. కుక్క మొరుగుతున్నంతసేపే నడవాలి. మధ్యమధ్య అది ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది. అరుపు ఆగితే అడుగు ఆపాలి. ఒక కాలు గాలిలో ఉంటే గాలిలోనే ఉంచాలి. ఆ నిశ్శబ్దంలో ఎండుపుల్ల చిటుక్కుమన్నా పక్షికి వినపడుతుంది, లేచిపోతుంది. మా ఊళ్ళో ఈ సంగతి నడక నేర్చే పిల్లలకు కూడా తెలుసు. ఈవరి ఆ నడకలో దిట్ట. పెళ్ళికి ముందు మా నాన్న ఆయన్ని మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే.

పోయిన శరదృతువులో నాలుగు పక్షులు, ఈ ఏడు వేట మొదలైన వారంలోనే రెండు, తుపాకి దూరానికి రాకముందే లేచిపోయాయి. ఒకటీ రెండూ ఎవరికైనా పోతాయి. వరసగా ఆరు పోతే అది కుక్క తప్పేనంటారు మావాళ్ళు. దాని అరుపులో ఏదో తేడా వచ్చిందనీ, పిట్టను నిలపడం మానేసి బెదరగొడుతోందనీ, ఈ జాతే చెడిపోయిందనీ ఈవరి తేల్చేశాడు. ఆరేళ్ళు దానికి గంజి కాచి పోసింది నేను, నన్ను ఒక్కమాట అడగలేదు. పోట్లాడాను. ఆయన "సరే" అన్నాడు. ఇంకోటి అన్నాను, దానికీ "సరే" అన్నాడు. ఆ మధ్య ఏం చెప్పినా అదే వరస.

మంగళవారం ఆర్విద్ మాస్టారు తన తల్లికుక్కను తీసుకొచ్చి ఓట్స్ పంట కోసిన పొలంలో వదిలి చూపించాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, కన్నులపండుగగా ఉంది. తెల్లటి పట్టులాంటి ఒళ్ళు, మీద నల్లచుక్కలు. గాలిలో ముక్కు పెట్టి పొలమంతా అటూ ఇటూ పరిగెత్తి, ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ముక్కు నుంచి తోక దాకా ఒకటే గీత. కిక్కురుమనలేదు. మాస్టారు నింపాదిగా నడిచి వెళ్ళి పక్కన నిలబడితే, గడ్డిలోంచి రెండు పిట్టలు లేచాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా టోపీలు సర్దుకుని తలలూపారు. ఈవరి మాత్రం టోపీ ముట్టుకోకుండా ఆ కుక్కనే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది కూడా.

గురువారం నేను ఎర్రపండ్లు ఏరడానికి ఊబినేల అవతలి గట్టుకు వెళ్ళాను. ఈవరి అప్పటికే తుపాకి తీసుకుని రుస్కోతో పోయాడు. ఆదివారం దాకా దానికి అవకాశం ఇస్తాడట, న్యాయంగా ఉండాలిగా. బకెట్టు సగం నిండేసరికి ఎదుటి వాలులో రుస్కో మొదలుపెట్టింది. నిటారుగా లేచి చూశాను. ఎండిన పైన్ కొమ్మ మీద నల్లగా మెత్సో, కింద ఎర్రగా రుస్కో, ఇవతల చెట్ల మధ్య నుంచి మా ముసలోడు. ఆ నడక చూసి యాభై దాటిన దాన్ని కూడా కాస్త మురిశాను. అంత పెద్ద మనిషి, నాచు మీద పిల్లిలా వస్తున్నాడు.

రుస్కో ఆగింది.

ఈవరి ఆగలేదు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు. అడవంతా ఊపిరి బిగబట్టింది, ఆయన ఒక్కడే నడుస్తున్నాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు ఊబి దాటి నా దాకా వచ్చింది. పక్షి దుప్పటి దులిపినట్టు రెక్కలు కొట్టి వెళ్ళిపోయింది. రుస్కో దాని వెంట పరిగెత్తలేదు. వెనక్కి తిరిగి యజమాని వైపే చూస్తూ నిలబడింది.

నేను ఆ గట్టు మీదే కూలబడ్డాను. అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. రేడియో గోడలదిరేలా పెట్టుకోవడం. పొయ్యి మీద కాఫీ పొంగి చుయ్యిమంటున్నా పక్కనే కదలకుండా కూర్చోవడం. ప్రతిదానికీ ఆ "సరే". వయసొచ్చి మొండికేశాడనుకుని ఏడాదిగా ఆయన్ని సాధిస్తున్నాను. మోటారు రంపాలు మా అడవిలోకి వచ్చిన మొదటి ఏడు నుంచీ చెవులకు గుడ్డపీలిక కూడా లేకుండా చెట్లు కోశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఏడాదిగా రుస్కో చేస్తున్నది అదే. ఆడలేక మద్దెల ఓడన్నాడు మా ముసలోడు. ఆయన ఆడలేకపోతున్నాడని ఆయనకే తెలియదు. ఒకే ఇంట్లో ఉండి నాకూ తెలియనందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

ఎలా చెప్పాలి? నీకు చెముడని చెబితే, నువ్వే నోట్లో నోట్లో గొణుగుతున్నావంటాడు. పట్నం డాక్టరు దగ్గరకు పదమంటే ఆ దారిలోనే ఆదివారం దాటిపోతుంది. ఆయనకు అడవిలోనే చూపించాలి. శనివారం పొద్దున్నే రబ్బరుబూట్లు తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాను.

"నేనూ వస్తున్నా," అన్నాను, మొహం ఎదురుగా పెట్టి, గట్టిగా.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మతిపోయిందా ముసల్దానా? వేటకు పోతుంటే ఆడది ఎదురొస్తేనే తుపాకి మేకుకు తగిలించేస్తారు."

"ఎదురు రావట్లేదు. వెనక వస్తున్నా."

"ఎందుకు?"

"రేపు రుస్కోను ఆవిరిగది వెనక్కి తీసుకెళతావుగా. అది చేసిన తప్పేంటో నా కళ్ళతో చూస్తా. చూశాక నోరెత్తితే అడుగు."

నోరెత్తనన్న మాటకు లొంగాడనుకుంటాను. తీసుకెళ్ళాడు.

గంటన్నర తిరిగాక రుస్కో అరుపు వినపడింది, ఎడమ పక్క లోయలోంచి. ఈవరి అటు తిరగడానికి నాకంటే కాస్త ఎక్కువసేపు పట్టింది. పక్షి కనిపించేంత దూరం రాగానే ఆయన వంగి నడవడం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచి చాకు వేలాడుతున్న ఆయన నడుముపట్టీ పట్టుకున్నాను. విసుగ్గా ఒకసారి చేత్తో విదిలించాడు, నేను వదలలేదు. మాట్లాడితే పక్షి పోతుంది కాబట్టి తిట్టలేకపోయాడు. కాపురంలో అలాంటి అవకాశం మళ్ళీ రాదు.

అరుపు ఆగింది. పట్టీని వెనక్కి లాగి బిగబట్టాను.

ఆయన కాలు గాలిలో ఉండిపోయింది. తల తిప్పి నా వైపు చూసిన చూపులో పెద్ద కోపం ఉంది. వేలు పెదాల మీద పెట్టుకున్నాను. తర్వాత నా చెవి చూపించి, చేత్తో లేదు అన్నట్టు ఊపాను. ఆయన నన్నే చూస్తున్నాడు. కళ్ళు చిట్లించి, తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. వింటూ ఉంటే ఆ కోపం మెల్లగా ఇంకెటో పోయింది. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోను. రుస్కో మళ్ళీ మొదలుపెట్టింది. పట్టీని ముందుకు నెట్టాను. నడిచాడు.

రెండోసారి ఆగినప్పుడు మళ్ళీ తిరిగి చూశాడు. మూడోసారి చూడలేదు. నాలుగోసారి నేను సరిగ్గా బిగించకముందే ఆగాడు. నా చెయ్యి ఎలా చెబుతుందో వీపుకు తెలిసిపోయింది. ఎందుకు అబద్ధం, అంత హాయి నేను ఎన్నడూ ఎరగను. పక్షి నల్లటి మెడ సాచి రుస్కోనే చూస్తోంది, రుస్కో దాన్ని తన అరుపుతో కొమ్మకు కట్టేసి పట్టుకుంది. ఆ కుక్క ఆరేళ్ళుగా ఇంత పని చేస్తోందా అని నోరు తెరుచుకుని చూశాను. ఈవరి తుపాకి ఎత్తాడు. ఒక్కటే దెబ్బ. పక్షి కొమ్మలు విరుచుకుంటూ నేల మీద పడింది. రుస్కో వెళ్ళి దాని మీద ఒక కాలు పెట్టి, అరుపు మానేసి, మా కోసం చూసింది.

ఈవరి పక్షి దగ్గరకు పోలేదు. పడిపోయిన ఒక మాను మీద కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు ఆగింది?"

"నాలుగుసార్లు."

"నాకది ఆగదు సాయ్‌మీ," అన్నాడు. "ఒకసారి మొదలైందంటే నా చెవిలో మోగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా. అది మొరుగుతూనే ఉందనుకున్నా."

దెప్పుడుమాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. మాట ఇచ్చాను కదా. రుస్కో వచ్చి ఆయన మోకాలికి తల ఆనించింది. ఆయన దాని నిక్కుచెవుల్ని రెండు చేతుల్తో పట్టుకుని, మొహం దాని మొహానికి దగ్గరగా పెట్టి, క్షమించమని అడిగాడు. ఆ మాట ఆయన నోట నేను విన్నది అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. పక్షిని నేనే భుజానికెత్తుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఆర్విద్ మాస్టారు కారులో గంప పెట్టుకుని వచ్చాడు. గంపలో చుక్కల కుక్కపిల్ల నిద్రపోతోంది. నేను వంటింట్లో కాఫీ పెడుతున్నాను, కిటికీ తెరిచే ఉంది. ఈవరి ఆయన్ని గాదె దాకా నడిపించుకుపోయి, చెవిలో చెబుతున్నట్టు దగ్గరగా వంగాడు.

"మాస్టారూ, మీ జాతి మంచిది. ఇన్నాళ్ళూ ఎగతాళి చేశాను, తప్పే. కానీ అది మొరగదు, దాన్ని కళ్ళతో కనిపెట్టుకుని ఉండాలి. మా అడవి చిక్కనిది, పది అడుగుల అవతల నిలబడితే నాకు కనపడదు. నాకు నా కుక్కే సరి."

మాస్టారు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "మరి మొరిగే కుక్కతో వేటకు చెవులు కావాలి కదా ఈవరీ? మీకు చూస్తే..."

"ఉన్నాయి," అన్నాడు మా ముసలోడు. "నా చెవులు లోపల కాఫీ పెడుతున్నాయి. ఈ చుట్టుపక్కల ఏడు ఊళ్ళల్లో ఏ వేటగాడికీ అంత మంచివి లేవు. మా ముసల్దానితో మాత్రం అనకండి, నెత్తికెక్కుతుంది."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నా గురించి ఇంకొకరితో అన్న మొదటి మంచిమాట అది. గుసగుసగా చెప్పాననుకున్నాడు పాపం. చెరువు అవతల వల ఆరేస్తున్నవాళ్ళు కూడా పని ఆపి మా ఇంటి వైపు చూశారు.