నరేష్‌కుమార్ కంట్రోలు

వాసంతికి అన్నిటికన్న పెద్ద భయం ఒక్కటే. మొగుని కాలు పోయి ఉయ్యాలల పండుకున్న పిల్లకు తగుల్తదని. ఊరంత అట్టుడుకుతున్నా ఆమెకు పోలీసుల భయం లేదు, దొంగల భయం లేదు. భయమంత ఆ ఒక్క కాలు మీదనే.

ఆ కాలు గల్ల నరేష్‌కుమార్ దిల్‌సుఖ్‌నగర్ల చీరెల దుకాణంల పనిచేస్తడు. గిరాకీ ముంగట చీరెలు పరుసుడు, వాళ్లు పోయినంక మడత పెట్టుడు. తెలంగాణ ఉద్యమం జోరందుకున్నప్పుడు దోస్తులంత ర్యాలీలకు పోతుంటే ఈయన పోయి కరాటే క్లాసుల చేరిండు. "రేపు లాఠీ లేస్తె మన దగ్గర విద్య ఉండాలె" అన్నడు. లాఠీ లేవనే లేచింది, సరిగ్గ దుకాణం ముంగట. అప్పుడు ఆ విద్య షట్టర్ కిందికెల్లి లోపలికి దూరి, పట్టుచీరెల కట్టల ఎనుక పొద్దుమీకె దాక కూసున్నది.

సకల జనుల సమ్మె మొదలైనంక బస్సులు బంద్, దుకాణాలు బంద్, బడులు బంద్. కరాటే నేర్పేది బడి మైదానంలనే గాబట్టి అదీ బంద్. "కటా ఇంట్లనే చేసుకోండ్రి, ఒక్క అడుగు సుత తగ్గియ్యొద్దు" అని మాస్టరు ఫోన్ల చెప్పిండట. కటా అంటే ఎదురుంగ మనిషి లేకున్నా ఉన్నడనుకొని గుద్దులు, తన్నులు ఒక వరుసల ఏసుడు. ఎదురుంగ మనిషి లేని కొట్లాట నరేష్‌కుమార్‌కు మంచిగ కుదిరింది.

కుదరనిది ఇల్లు. ఎల్బీనగర్ల కిరాయికున్న ఒక్క అర్ర. ఓ మూలకు గ్యాసుపొయ్యి, ఇంకో మూలకు బియ్యం డ్రమ్ము, గోడకు మంచం. నడిమిట్ల, ఆ ఇంటికున్న ఒకే ఒక్క కొక్కానికి, పోచంపల్లి నూలు చీరెతోటి కట్టిన ఉయ్యాల. ఆయన మంచం నిలవెట్టిండు, డ్రమ్ము బయటికి దొర్లిచ్చిండు. ఉయ్యాల కాడికొచ్చి ఆగిండు.

"ఇప్పి పక్కకు పెడ్త తియ్" అన్నది వాసంతి.

"ఇప్పుతవా!" అని గయ్యిమన్నది అత్త కొమురమ్మ. నాలుగొద్దులు ఉండిపోదామని ఊరి నుంచి ఒచ్చి, బస్సుల్లేక ఈడనే చిక్కుకపోయిన మనిషి. "మా ఇంట్ల కట్టిన ఉయ్యాల పిల్ల నడిచేదాక ఇప్పరు."

సరే, ఉయ్యాలను ఉండనియ్యి, పిల్లను సంకనేసుకుంటె అయిపాయె అనుకున్నది వాసంతి. నరేష్‌కుమార్ తెల్లబట్టలేసి, పసుపు బెల్టు కట్టి, "హీయ్!" అని ఒక్క తన్ను తన్నిండు. కాలు పోయి ఉయ్యాలకు తాకింది. ఖాళీ ఉయ్యాల గిర్రున ఊగింది.

కొమురమ్మ నోరు కొట్టుకున్నది. "అయ్యో! ఖాళీ ఉయ్యాల ఊగితె పిల్లకు కీడురా! ముందుగాల పిల్లను అండ్ల పండవెట్టుండ్రి!"

"ఏంది అత్తమ్మా, తన్నే కాడ పిల్లను పెట్టమంటవా?"

"ఖాళీగ ఊగొద్దంటున్న. నా కొడుకు చూసుకుంట తన్నడా?"

కొడుకు జర ఆలోచన చేసిండు. "అమ్మ చెప్పింది కరెక్టే. పిల్ల ఉంటె నాకు కంట్రోలు ప్రాక్టీసయితది. జానెడు దూరంల కాలు ఆపాలె. అసలు విద్య గదే."

వాసంతి నోరు తెరవబోయింది. "ఏడో తరగతిల బడి బందువెట్టినదానివి, నీకేం తెల్సు?" అని తల్లీకొడుకులు ఒక్క నోటితోటి అన్నరు.

ఇంతల పైనుంచి ఇంటి ఓనరు కౌసల్యమ్మ. గుంటూరు దిక్కు నుంచి ఒచ్చి స్థిరపడ్డామె. "ఏంటమ్మాయ్ వాసంతీ, ఆ కేకలేంటి? ఉద్యమం వాళ్లు మా ఇంటి మీదికే వచ్చేశారేమోనని తలుపులన్నీ వేసేసుకున్నాను!"

"ఏం లేదాంటీ. మా ఆయన."

"ఓ, మీ ఆయనేనా" అని ఆమె తలుపులన్నీ మళ్లా తెరిచింది.

ఇగ ఎవ్వరితోటీ లాభం లేదని వాసంతి మొగన్ని చూసుడు మొదలువెట్టింది. ఏ గుద్దు ఎనుక ఏ మలుపొస్తది, ఏ మలుపుల కాలు లేస్తది, అంత కండ్లల పెట్టుకున్నది. పొయ్యి కాడ కూసొని ఒక చేత్తోటి కూర కలుపుకుంట, ఇంకో చేత్తోటి ఉయ్యాల అంచు పట్టుకునేది. కాలు లేచే గడియకు ఉయ్యాలను తన దిక్కు గుంజేది. కాలు గాలిని తన్ని కిందికి దిగేది. పిల్ల కిలకిల నవ్వేది.

"చూసినవా నా కంట్రోలు! వెంట్రుకవాసిల తప్పింది!" అని నరేష్‌కుమార్ చెమట తుడుచుకునేటోడు. కొమురమ్మ మెటికలు విరిచి దిష్టి తీసేది. కొడుక్కే, పిల్లకు కాదు.

"నేను గుంజుతున్న గాబట్టి తప్పుతున్నదయ్యా" అని వాసంతి చెప్పకపోలేదు.

"నువ్వు గుంజినా గుంజకున్నా ఆగే కాలే అది" అన్నడు.

ఇయ్యాల పొద్దుగాల గల్లీలకు పాలు రాలేదు. చౌరస్తా అవతల ఇస్తున్నరని తెలిసింది. పిల్లను ఎత్తుకపోదామంటె, "నిన్న టియర్ గ్యాసు కొట్టిన కాడికి పసిపిల్లనా?" అన్నది అత్త. అన్ని మాటలల్ల అదొక్కటి నిజం. "నేనొచ్చేదాక మొదలువెట్టకు" అని వాసంతి మొగన్ని బతిమిలాడింది.

"పో పో, నేనేమన్న చిన్నపిల్లగాన్నా?"

పాలు చేతికొచ్చినయి. ఎనుకకు మర్లి చూస్తె రోడ్డు నిండ ర్యాలీ. పోలీసులు తాళ్లు కట్టి ఎవ్వర్నీ దాటనిస్తలేరు.

"అన్నా, జర పోనియ్యి. ఇంట్ల మా ఆయన కరాటే చేస్తుండు."

పోలీసాయన పక్కాయనను చూసి నవ్విండు. "మంచిదే గదమ్మా, ఇంటికి కాపలా ఉన్నడు."

ఎండ గోడల మీదికెక్కింది. ఆయన బెల్టు కట్టుకునే వేళ అయింది. కొమురమ్మ ఉయ్యాలను ఖాళీగ ఉంచనియ్యదు. వాసంతి చేతులేమో ఈడ, పాల పాకెట్లను పిసుకుతున్నయి.

మీరెవరన్న తాళ్లకు అవతల, ఇంటి దిక్కునే ఉంటె, కౌసల్యమ్మ ఇంటి కింది అర్ర తలుపు కొట్టుండ్రి. ఆయనను పలకరియ్యకున్నా ఏం కాదు. పిల్ల ఎట్లున్నదో జర చూడుండ్రి.