అస్మా పెట్టిన జెట్టు

మదనపల్లెలో గౌస్ మెకానిక్ చెవికి ఒకప్పుడు గొప్ప పేరు. స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటే చాలు, బండి జబ్బు ఇట్టే చెప్పేసేవాడు. ముప్పయ్యేళ్లు సైలెన్సర్ల మోతలో బతికిన ఆ చెవులు ఇప్పుడు సగం పోయాయి. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా కాపాడుతున్నది కూతురు అస్మా.

పుంగనూరు నరేంద్ర రేసు కార్టు కొని గౌస్‌కు అప్పగించాక ఆమెకు చేతినిండా పనే. నేలకు జానెడెత్తులో దూసుకుపోయే చిన్న బండి, ఆరు గేర్లు. గేర్‌బాక్సు పని గౌస్‌ది. అరిగిన గేరును వేళ్లతో తడిమి పట్టేస్తాడు. అందులో ఆయన్ని కొట్టేవాడు లేడని అస్మా కూడా ఒప్పుకుంటుంది. ఇంజను మాత్రం అస్మాది. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే ఇత్తడి జెట్టు ఏ పూటకు ఏ సైజుదో శబ్దం విని తేల్చేది ఆమే. చలిగాలికి పెద్దది, ఎండకు చిన్నది. చలిలో చిన్నది ఉండిపోయిందా, పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కి, బిగుసుకుని పట్టేస్తుంది. షాపు షట్టర్ సగం దించి ఆమె పని చేసేది. పని అయ్యాక షట్టర్ ఎత్తి, చేతులు తుడుచుకుంటూ దర్జాగా బయటికొచ్చేది గౌస్!

ఆమె తండ్రిని అడిగింది ఒక్కటే.

"కుప్పం రేసులో గెలిస్తే నా పేరు చెప్పబ్బా. ఇంజను నేను చేసినానని ఒక్క మాట."

"చెప్తాలేమ్మా, చెప్పకుండా యాడికి పోతాను?" అన్నాడు గౌస్.

కుప్పంలో గెలిచారు. నరేంద్ర గౌస్‌ను కావిలించుకున్నాడు. "ఇంజను ఎవురు చేసినారు?" అని పక్క టీమువాళ్లు వచ్చి అడిగారు. గౌస్ కూతురి వైపు ఒక్కసారి చూశాడు.

"నేనే. ఇంగెవురు చేస్తారు? ఆ పాప మా బిడ్డ. టీ ఫ్లాస్కు తెచ్చిండాది."

కన్నతండ్రి కాకపోతే అస్మా అక్కడే కడిగేసేది.

"ఆడపిల్ల చేసిందంటే నమ్ముతారామ్మా? యాల మొగం అట్ల పెట్టుకుంటావు?" అన్నాడు గౌస్ తిరుగుదారిలో.

తర్వాతి రేసు కూడా కుప్పంలోనే. అస్మా రానంది. ముందురోజు మధ్యాహ్నం మదనపల్లె ఎండలో ఇంజను సరిచేసి ఇచ్చి, ఇంట్లో ఉండిపోయింది. రేసు రోజు తెల్లారగానే ఫోన్ మోగింది.

"ఇంజను దగ్గిర ఫోను పెడతాండాను. ఇనమ్మా," గుసగుసలాడాడు గౌస్.

మోత వినగానే ఆమెకు తెలిసిపోయింది. అక్కడ చలి, ఇంజనులో ఉన్నది నిన్నటి ఎండ జెట్టు. మార్చడం ఐదు నిమిషాల పని. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. ఇంతలో వెనకనుంచి నరేంద్ర గొంతు వినిపించింది.

"ఎవురికి గౌస్ భాయ్, ఫోను?"

"ఇంటికిలే. మా పాపకు ఈ సౌండంటే సరదా. ఊరికే ఇనిపిస్తాండాను." ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఎట్లుండాదమ్మా?" అన్నాడు.

"బాగుండాదబ్బా," అంది అస్మా.

రేసు మూడో చుట్టులో పిస్టన్ పట్టేసింది. కార్టు ట్రాక్ మధ్యలో ఆగిపోయింది. పది గంటలకు మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి నరేంద్ర.

"ఇంజను చేసేది నువ్వంట గదా!" అని అరిచాడు. "మీ నాయిన ఇప్పుడే అందరి ముందరా చెప్పినాడు."