గోడకిచ్చిన పాసులు

జూన్ ఒకటో తేదీ ఉదయం ఆరున్నరకు నందీశ్ ఏ క్లబ్బుకూ చెందని మనిషి.

ముందురోజు వరకు అతను గోవాలోని కొంకణ్ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టుకు లెఫ్ట్ బ్యాక్. మైదానంలో ఎడమ అంచు కాపలా అతనిది. నాలుగేళ్ల కాంట్రాక్టు మే ముప్పై ఒకటితో ముగిసింది. ఇక అతన్ని ఏ క్లబ్బయినా తీసుకోవచ్చు. పాత క్లబ్బుకు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ఈ రోజు కోసం అతను ఐదు నెలలుగా కాచుకున్నాడు.

కోలారు బంగారు గనుల ఊరు ఊరిగాంలో, మూతపడ్డ మైను కంపెనీ పాత గోడౌను ఒకటి ఉంది. కప్పు ఎప్పుడో పోయింది, మైదానం వైపు గోడ మిగిలింది. నందీశ్ ఎడమకాలితో బంతిని కొట్టాడు. గోడ తిరిగి ఇచ్చింది. మళ్లీ కొట్టాడు. ఫోనును బూట్ల సంచి మీద, తెర కనపడేట్టు పెట్టుకున్నాడు. తొమ్మిదింటికి ఎండ ముదిరింది. ఫోను మోగలేదు.

ముళబాగిలు తాలూకా బైరకూరులో అతనికి సొంత ఇల్లుంది. కాని అక్కడ చదునైన నేల పట్టుపురుగుల షెడ్డు లోపల తప్ప లేదు. పైగా వీధిలో కనపడ్డ ప్రతివాడూ ఏ టీమప్పా అని అడుగుతాడు. అందుకే తాను హైస్కూలు చదివిన ఊరిగాంలో, కంపెనీ ఇళ్ల వరుసలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఒక మంచం, ఒక కుర్చీ. పది రోజుల పనే కదా అనుకున్నాడు.

ఇదంతా జనవరిలో మొదలైంది.

జనవరిలో కోల్‌కతా క్లబ్బొకటి అతన్ని కొంటామని వచ్చింది. కాంట్రాక్టులో ఇంకా ఐదు నెలలున్నాయి కాబట్టి రోవర్స్‌కు ముప్పై లక్షలు కట్టాలి. నందీశ్ ఏజెంటు శశికుమార్ బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు.

"ఇప్పుడు పోతే ఆ ముప్పై రోవర్స్ పెట్టెలోకి పోతాది. నీ జీతం ఇరవై నాలుగు. దానికి రెండు కలుపుతారు, అంతే. జూన్ దాకా ఆగినావనుకో, నువ్వు ఫ్రీ. ఎవురికీ ఏమీ కట్టే పని లేదు. ఆ మిగిలిన ముప్పైలో సగమన్నా నీ జీతంలోకి తెప్పిస్తాను."

"అంతలో వాళ్లు ఇంగొకర్ని చూసుకుంటే?"

"నీ అట్లాంటి ఎడమకాలు యాడుండాది చెప్పు?"

నందీశ్ కోల్‌కతాకు పోనన్నాడు.

మార్చిలో రోవర్స్ మేనేజరు అతన్ని పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. ఇంకో రెండేళ్లు ఉండిపో, ఏడాదికి ముప్పై లక్షలు. నందీశ్ ఒక రోజు గడువడిగి నాన్నకు ఫోన్ చేశాడు.

ఆదినారాయణప్పకు ఫుట్‌బాల్ తెలియదు. పట్టుగూళ్లు తెలుసు. ముప్పై ఏళ్లుగా కోలారు గూళ్ల మార్కెట్టుకు లాట్లు తోలుతున్న మనిషి. అక్కడ పాట పాడేది రీలర్లు, అంటే గూళ్ల నుంచి నూలు తీసేవాళ్లు. ధర నచ్చకపోతే రైతు వద్దనవచ్చు. మళ్లీ పాట పెడతారు. ఆదినారాయణప్ప ఈ ముప్పై ఏళ్లలో మొదటి పాటకు ఒక్కసారీ తల ఊపలేదు.

"మొదటి పాటకే సరే అంటే, వీడి గూళ్లలో ఏదో తప్పుండాదని అనుకుంటారప్పా. వద్దను. రెండో పాటకు వాళ్లే ఎక్కొస్తారు."

నందీశ్ ఇది చిన్నప్పటి నుంచి కళ్లారా చూశాడు. గూళ్లు పోసిన జల్లి తట్టల పక్కన నాన్న చేతులు కట్టుకొని నిలబడేవాడు. అడ్డంగా తల ఊపేవాడు. కిలోకు పదో ఇరవయ్యో పెరిగేది. ఎప్పుడూ పెరిగేది.

మర్నాడు మేనేజరుతో అన్నాడు. "ఇది చాలదు సార్."

మేనేజరు కాగితాన్ని ఫైలులో పెట్టుకొని "ఆల్ ది బెస్ట్" అన్నాడు. రెండో పాట రాలేదు.

జూన్ తొమ్మిదిన ఫోను మోగలేదు గాని, అందులో ఒక ఫోటో కనిపించింది. రోవర్స్ కొత్త ఆటగాడు జెర్సీ పట్టుకొని నవ్వుతున్నాడు. మూడో నంబరు. నందీశ్ నంబరు. పట్టుకున్నది విజయేంద్ర.

విజయేంద్ర ఊరిగాం కుర్రాడే. సుబ్బరాయ మాస్టారి కొడుకు. ఇద్దరికీ ఎడమకాలే. పన్నెండేళ్ల వయసులో ఇద్దరూ ఈ గోడకే కొట్టి నేర్చుకున్నారు. వాడి కాంట్రాక్టు కూడా ఇంకో క్లబ్బులో మే ముప్పై ఒకటితోనే ముగిసింది. రోవర్స్ వాణ్ని ఉచితంగా తెచ్చుకుంది. జీతం పద్దెనిమిది.

"అదే రూలు మిగతావాళ్లకూ ఉండాది కదప్పా," అన్నాడు శశికుమార్. "ఒకటో తేదీ నువ్వొక్కడివే ఫ్రీ కాలేదు. నూటికి పైన అయినారు. ఎవుర్ని పట్టుకున్నా ఊరికే వస్తా ఉంటే జీతం యాడ పెంచుతారు?"

"ఈ మాట జనవరిలో చెప్పి ఉండొచ్చు."

"జనవరిలో నాకు మాత్రం ఏం తెలుసు?"

నందీశ్ బంతిని సంచిలో పెట్టి గోడ నీడలో కూర్చున్నాడు. మరిచిపోయిన ఒక రోజు గుర్తుకొచ్చింది. ఆ ఏడు ముళబాగిలు తాలూకా మొత్తం పంట ఒకే వారంలో దిగింది. మార్కెట్టులో నడవడానికి చోటు లేదు. నాన్న వద్దన్నాడు. రెండో పాట మొదటిదానికంటే తక్కువ పలికింది. మూడోది ఇంకా తక్కువ. ఇంటికి తిరిగి తెస్తే నాలుగు రోజుల్లో లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడును తొలుచుకొని బయటికి వస్తుంది. తొలిచిన గూడును ఎవరూ కొనరు. ఆ రోజు నాన్న మార్కెట్టు మెట్ల మీద కూర్చొని అన్నం మూట విప్పలేదు.

ఇన్నాళ్లూ తాను నాన్న పక్కన నిలబడ్డాననుకున్నాడు. తాను ఉన్నది తట్టలో.

విజయేంద్ర ఫోన్ చేయలేదు. నందీశూ చేయలేదు.

జూన్ ఆఖర్లో రెండో డివిజన్ క్లబ్బొకటి ఇరవై అంది. ఏడాది కిందటి జీతం కన్నా తక్కువ. నందీశ్ వద్దన్నాడు. జూలైలో ఇంకొకరు పద్నాలుగన్నారు. సరే అందామనుకునే లోపు వాళ్లకు వేరేవాడు దొరికాడు. ఆషాఢం గాలికి, బంగారం తీయగా మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల దుమ్ము లేచి మైదానం మీద పడేది. ముక్కుకు తువ్వాలు కట్టుకొని కొట్టేవాడు. రోజుకు ఐదువందల పాసులు. పొద్దుట మూడువందలు, సాయంత్రం రెండువందలు. రోజులో అతను మాట్లాడే మనిషి టీ అంగడి పిల్లమ్మ ఒక్కతే.

"ఏమప్పా, ఇంగా లీవేనా?"

"లీవేనమ్మా."

"రెండు నెల్ల లీవు ఎవురిస్తారప్పా? మా ఇంటాయనకు మైను మూసినపుడు ఇచ్చినారు. అది ఇంగా అయిపోలా."

నందీశ్ నవ్వాడు. ఆ వారంలో నవ్వింది అప్పుడే. గదికి వచ్చాక, ఆమె నవ్వలేదని గుర్తొచ్చింది.

ఆగస్టు ముప్పై ఒకటితో క్లబ్బులు ఆటగాళ్లను కొనే గడువు ముగిసింది. ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. ఈసారి పంట గురించి, ఆకు రేటు గురించి మాట్లాడాడు. చివర్లో అన్నాడు. "షెడ్డులో ఇంగో మనిషి కావాలప్పా. కూలోళ్లు దొరకరు. నీకు ఇష్టమైతేనే."

నందీశ్ చూస్తానన్నాడు. నాన్న రెట్టించలేదు.

సెప్టెంబరు ఆరు. నూటనలభై పాసులయ్యాయి. ఫోను మోగింది.

"యాడుండావు?" శశికుమార్ గొంతులో ఆయాసం.

"గోడ దగ్గర."

"విను. విజయేంద్ర మోకాలు పోయింది. నిన్న ప్రాక్టీసులో. లిగమెంటు తెగింది, తొమ్మిది నెలలు లేవడు. రోవర్స్‌కు ఇంగో లెఫ్ట్ బ్యాక్ లేడు. గడువు అయిపోయింది కాబట్టి కాంట్రాక్టు ఉండేవాణ్ని కొనేదానికి లేదు. ఖాళీగా ఉండేవాణ్నే తీసుకోవల్ల. దేశంలో మిగిలింది ముగ్గురు. ఒకడికి ముప్పై ఆరేండ్లు. ఒకడు కల్యాణమండపం నడుపుతా ఉండాడు. మూడోది నువ్వు. ఇరవై రెండంటా ఉండారు, ఈ సీజన్‌కు. ఏం చెప్దాం?"

బంతి ఒక పక్కకు దొర్లిపోయి ఆగింది. నందీశ్‌కు విజయేంద్ర మోకాలు గుర్తొచ్చింది. ఎడమది. చిన్నప్పుడు ఈ గోడ దూకబోయి పడి ఆరు కుట్లు వేయించుకున్న మోకాలు. ఆసుపత్రి దాకా సైకిలు తొక్కింది తనే.

"వాళ్లకు మ్యాచ్ ఎప్పుడు?"

"శనివారం."

రేపు పొద్దున గూళ్లు లేకపోతే, వాటిని ఉడికించే రీలరు పొయ్యి ఆరిపోతుంది. అప్పుడే రెండో పాట పెరుగుతుంది. నాన్న చెప్పింది అబద్ధం కాదు. ఎవరి పొయ్యి, ఏ రోజు అన్నదే లెక్క.

"వద్దని చెప్పు," అన్నాడు నందీశ్.

పదకొండింటికల్లా రోవర్స్ పాట ముప్పై ఆరయింది. నందీశ్ సరే అన్నాడు.

విజయేంద్ర నంబరు తెర మీదికి తెచ్చుకున్నాడు. కొంచెంసేపు చూసి, బదులుగా నాన్నకు చేసి బేరం కుదిరిందన్నాడు.

"ఎంతకు పోయిందప్పా?" ఆదినారాయణప్ప మార్కెట్టు ప్రశ్నే అడిగాడు.

"ముప్పై ఆరు."

"ఎన్నో పాటకు?"

"రెండో పాటకు."

"చూసినావా," అన్నాడు తండ్రి. ఆ గొంతులో మూడు నెలల తరువాత వెలుగు. నందీశ్ మోకాలి సంగతి చెప్పలేదు.

పిల్లమ్మ టీకి డబ్బు తీసుకోలేదు. "లీవు అయిపోయిందా?" అంది. ఔనన్నాడు. "పో, పో. మళ్లీ రావొద్దు," అని గ్లాసు కడుక్కుంది.

గోవాలో మరునాడు సాయంత్రం ప్రాక్టీసు. మూడో నంబరు జెర్సీ కొత్తగా కుట్టించలేదు, విజయేంద్రదే ఇచ్చారు. భుజాల దగ్గర కొంచెం వదులు. వింగర్ బంతి పంపాడు. నందీశ్ ఒకే తాకుతో వెనక్కి పంపాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపాడు, సూటిగా, అదే మనిషికి, అదే వేగంతో. కోచ్ విజిల్ ఊదాడు. బంతి పట్టుకో, తల ఎత్తు, ముందున్న మనిషిని చూడు అన్నాడు. నందీశ్ సరే అన్నాడు. తరువాతి బంతినీ వచ్చినవైపే పంపాడు. కాలు మాట వినలేదు.

నీళ్ల విరామంలో మైదానం అంచు గీత పక్కనున్న బెంచీ దగ్గరికి వెళ్లాడు. అక్కడ విజయేంద్ర కూర్చొని ఉన్నాడు. ఎడమకాలికి తొడ నుంచి పిక్క దాకా పట్టీ. రెండు కర్రలు ఒళ్లో.

"గోడ మాదిరి ఆడతా ఉండావు మచ్చా," అన్నాడు విజయేంద్ర.

"మూడు నెలలు దాంతోనే ఆడినాను."

"బాగుండాదా?"

"గోడా?"

"ఇంగేం అడుగుతాను?"

"కింద వరస రాళ్లు రెండు ఊడినాయి."

విజయేంద్ర తల ఊపాడు.

"ఎంతిస్తా ఉండారు?"

నందీశ్ అబద్ధం చెబుదామనుకున్నాడు. కుదరలేదు. "ముప్పై ఆరు."

"మొదట ఎంతన్నారు?"

"ఇరవై రెండు."

"అంటే నా మోకాలు నీకు పద్నాలుగు తెచ్చింది." కోపంగా అనలేదు. కూడిక చెప్పినట్టు చెప్పాడు. "మీ నాయన దగ్గర నేనూ నేర్చుకోవల్ల. నేను మొదటి పాటకే సరే అన్నాను."

"ఫోన్ చేద్దామనుకున్నాను రా."

"నేనూ అనుకున్నాను. జూన్‌లో." విజయేంద్ర కర్ర చివరతో గడ్డిని గీకాడు. "నీ కాంట్రాక్టు ఎప్పటిదాకా?"

"మే ముప్పై ఒకటి."

"నాదీ అంతే. డాక్టరు జూన్ అన్నాడు."

కోచ్ విజిల్ ఊదాడు. నందీశ్ కదలలేదు.

"పోరా," అన్నాడు విజయేంద్ర. "పోయి కాస్త బంతి పట్టుకో. అందరూ చూస్తా ఉండారు."

నందీశ్ తన చోటికి పరుగెత్తాడు. వింగర్ బంతి పంపాడు. ఈసారి పాదం కింద పట్టుకున్నాడు. తల ఎత్తాడు. ముందు నలుగురున్నారు, నలుగురూ చేతులెత్తి అడుగుతున్నారు. నలుగురూ ఈ ఏడు కొత్తగా వచ్చినవాళ్లు, ఒక్కరి పేరూ అతనికింకా తెలియదు. అతని కళ్లు బెంచీ వైపు పోయాయి. విజయేంద్ర అప్పటికే లేచి, కర్రల మీద ఒక్కొక్క అడుగు వేస్తూ గేటు వైపు పోతున్నాడు.