థర్మాకోల్ తిమింగలం

నెల రోజులు గొంతు చించుకున్నా. మాది చాపాడు బడి. సముద్రం మొగం చూసిన పిల్లోళ్లు ఒక్కరూ లేరు. తిమింగలం చేప కాదురా, మన బర్రె మాదిరే పిల్లకు పాలిస్తాది అంటే ఒకటే నవ్వు. ప్లాస్టిక్ కవర్లు మింగి చస్తాండాయంటే మాత్రం నోళ్లు తెరుసుకోని విన్యారు.

ప్రొద్దుటూరులో సైన్స్ ఎగ్జిబిషన్‌కని థర్మాకోల్‌తో ఆటో అంత తిమింగలాన్ని చేసినారు. చూసేటోళ్లకు తెలియాలని దాని కడుపు నిండా కవర్లు కుక్కినారు. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. నా కష్టం ఊరికే పోలేదనుకున్నా.

సోమవారం వచ్చి చూస్తే బళ్లో తిమింగలం లేదు.

"యాడ పెట్నారు?" అంటే క్లాస్ లీడర్ సాహితి లేసి నిలబడింది.

"నిమజ్జనం చేసినాం మేడం. ట్రాక్టర్ మీద ఊరేగిచ్చి, టెంకాయ కొట్టి, కుందూ ఏట్లో వదిలినాం."

"అదేమన్నా వినాయకుడా?"

"అంత కష్టపడి చేసిన బొమ్మను చెత్తలో ఎట్ల పారేస్తాం మేడం? పాపం కాదా? కుందూ పోయి పెన్నాలో, పెన్నా పోయి సముద్రంలో కలుస్తాదని మీరే చెప్పినారు కదా. దాని జాతోళ్ల దగ్గరికి అదే పోతాదిలే అనుకున్యాం."

నా తల గోడకేసి కొట్టుకుందామనిపించింది.

"కడుపులో కవర్లన్నా తీసినారా తల్లీ?"

"తీస్తే కడుపు సొట్ట పోతాది కదా మేడం. ఊరేగింపులో ఏం బాగుంటాది?"

వెనక బెంచీలోంచి ముజమ్మిల్ నన్ను ఓదార్చినాడు.

"బాధపడొద్దు మేడం. వచ్చే ఏడు ఇంకా పెద్దది చేద్దాం."