మోతి పిలిచే వేళ

ఉప్పుగూడ రైలు పట్టాలకు ఇవతల, రామ్‌చందర్ కొట్టంలో పొద్దు వాలితే ఒకటే పద్ధతి. బర్రెల మీద నీళ్ళు కొట్టడం, తవుడు కలపడం, పొదుగులు కడగడం. రామ్‌చందర్ తల్లి కొమురమ్మ పీట వేసుకుని, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పాలు పిండుతుంది. భార్య సక్కుబాయి ఆ పాలు క్యాన్లలో పోసి హోటళ్ళకు పంపుతుంది. అన్నిటికన్నా చివర మోతి వంతు. మోతి ముసలిది. దాని పాలు ఇంట్లో చాయ్‌కి కూడా చాలవు. అయినా కొమురమ్మ పీట దాని పక్కకు జరిపేసరికి మెడ చాచి ఒక్క పిలుపు పిలుస్తుంది. తల్లి దూడను పిలిచే పిలుపు.

ఆ పిలుపుకు పోవలసిన దూడ యశోద. రామ్‌చందర్ కూతురు.

ఇందులో దాచేదేమీ లేదు, బస్తీలో అందరికీ తెలిసిందే. యశోద పుట్టిన వారంలోనే మోతి ఈనింది. దూడ బతకలేదు. దూడ కనపడకపోతే బర్రె పొదుగులోకి పాలు దించదు. పాడి చేసేవాళ్ళు అలాంటప్పుడు ఇంకో దూడను తెచ్చి, ఈనిన బర్రె మాయనీళ్ళు దాని ఒంటికి పూసి, ఉప్పు చల్లి ఎదురుగా నిలబెడతారు. బర్రె దాన్ని నాకి తన బిడ్డే అనుకుంటుంది. ఆ రోజు కొట్టంలో ఇంకో దూడ లేదు. కొమురమ్మ ఎవరినీ అడగలేదు. బాలింత పక్కలోంచి మనవరాలిని ఎత్తుకొచ్చి, పూసి, మోతి ముందు పట్టుకుంది. మోతి పిల్లను నెత్తి నుంచి పాదాల దాకా నాకి పాలు దించింది. ఇల్లు గడిచింది. సక్కుబాయి పిల్లను కడుక్కుని మళ్ళీ పక్కలో వేసుకుంది.

అప్పటి నుంచి మోతి పిలిస్తే యశోద నగరంలో ఏ మూల ఉన్నా అందుతుంది. చెవికి కాదు, అరికాళ్ళకు. పాదాలు ఇంటివైపు తిరుగుతాయి. బడిలో టీచర్లు ఆ వేళకు ఆమెను ముందే వదిలేసేవారు. ఒకసారి లాడ్ బజార్‌లో గాజులు వేయించుకుంటూ సగంలో లేచి నడిచింది. గాజులామె మిగతావి రేపు వేస్తానని చెప్పి పక్క బేరం చూసుకుంది.

యశోద ఆడే బాస్కెట్‌బాల్‌లో అట్లా మధ్యలో వదిలేవాళ్ళు లేరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి మూడు క్వార్టర్లు యశోదను ఆపగల పిల్ల ఈ నగరంలో లేదు. పాల క్యాన్లు మోసిన భుజాలు ఆమెవి. ఇద్దరు అడ్డం పడ్డా చీల్చుకుపోయి బాల్ వేసి వచ్చేది. ఆఖరి క్వార్టర్ సరిగ్గా పాలవేళకు పడేది. ఇంక అంతే. విసిరిన బాల్ రింగు దాకా పోదు. ఇచ్చిన పాస్ ఎదుటివాళ్ళ చేతిలో పడుతుంది. కాళ్ళు ఉప్పుగూడ దిక్కున్న గీత దగ్గరికి జరుగుతాయి. గెలిచిన ఆటలు అట్లా పోయాయి, ఏడాది పొడుగునా. నీడలో కుర్చీలు వేసుకుని చూసే పెద్దమనుషులు ఈ పాతబస్తీ పిల్లలకు చివరిదాకా దమ్ముండదని తేల్చేశారు. దమ్ముండదట! తెల్లారకముందే పేడ ఎత్తి, గడ్డిమోపులు దించి, ఆ చేతులే కడుక్కుని ప్రాక్టీసుకు పరిగెత్తే పిల్లకు దమ్ము లేదట. ఆ మాటన్నవాళ్ళు ఒక్క మోపు నెత్తికెత్తుకుని చూపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

కోచ్ శ్రీపాద, గుడి అర్చకుల ఇంట్లో పుట్టి విజిల్ పట్టుకున్నవాడు. ఆయన చేయని ప్రయత్నం లేదు. మూసీ ఒడ్డున పరిగెత్తించాడు, గ్లూకోజు తాగించాడు, బూట్లలో మందపాటి అట్టలు వేయించాడు. ఏదీ పనిచేయలేదు. జట్టు కెప్టెన్ సంహిత ఒకసారి ఆట ఆగినప్పుడు యశోద వీపుకు చెవి ఆనించింది. లోపల మోతి పిలుస్తూనే ఉంది.

"మస్తు గట్టిగ పిలుస్తున్నది సార్," అని చెప్పి, నీళ్ళు తాగి మళ్ళీ ఆటలోకి దిగింది.

ఇప్పుడిక ఆగే వీలు లేకపోయింది. ఆదివారం ఫైనల్ చూడటానికి రైల్వే జట్టు తరఫున సూర్యప్రభ వస్తోంది. ఆమె వేలు చూపిస్తే ఉద్యోగం. ఎంపికకు వయసు ఈ ఏడాదితో దాటిపోతుంది. ఇలాంటి ఇళ్ళ తలుపు ఉద్యోగం ఒక్కసారి తడుతుంది. రెండోసారి తట్టిందని చెప్పినవాళ్ళు ఇంతవరకు కనపడలేదు.

శనివారం శ్రీపాద కొట్టానికి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రామ్‌చందర్, ఆమె చూసేదే ఆఖరి క్వార్టర్. అలిసినంక ఎవరు నిలబడ్తరో అదే చూస్తది. రేపొక్క దినం జల్ది పిండేయి, నీకు పుణ్యముంటది."

"పిండి చూసిన సార్. పగటీలే పిండిన. దాని వేళకు అది పిలవనే పిలిచింది. ఇంకింత కోపంగ పిలిచింది."

ఇద్దరూ మోతి వైపు తిరిగారు. అది తాపీగా నెమరేస్తోంది. రామ్‌చందర్ గొంతు తగ్గించి, నయాపూల్ అవతలి బేపారి ఒకడు ముసలి బర్రెలను కొంటున్నాడని అన్నాడు. ముసలి బర్రెను కొనేవాడు దేనికి కొంటాడో అక్కడున్న అందరికీ తెలుసు. కొమురమ్మ చెంబు కింద పెట్టింది.

"ముందుగాల నన్ను తోలు. నేను గూడ పాలిస్తలేను కద."

రామ్‌చందర్ తల వంచుకున్నాడు. అప్పుడు యశోద గడ్డి పరుస్తున్నదల్లా లేచింది. అమ్మితే పిలుపు ఆగుతుందని ఎవరు చెప్పారని తండ్రిని అడిగింది. "అది యాడికి పోతే నా కాళ్ళు గూడ ఆడికే గుంజుతయి బాపూ."

ఆ మాట పట్టుకుంది కొమురమ్మే. పిల్లను ఇటు గుంజే బదులు బర్రెనే అటు తోలుకుపోతే తీరుతుంది కదా అంది. శ్రీపాదకు ప్రాణం లేచొచ్చింది. యశోద బాల్ వేసే బాస్కెట్ వెనక మోతిని కట్టేస్తే, ఆ పిల్ల కాళ్ళు వాటంతటవే అటు పరుగెత్తుతాయి. ఏ పోల్ దగ్గర కట్టాలో ఆట చూస్తే నీకే తెలుస్తుందని రామ్‌చందర్‌కు చెప్పి వెళ్ళాడు. ఎంత చదివినా తొందరలో ఉన్న మనిషి సగమే చెప్తాడు.

ఆదివారం అద్దె ట్రాలీలో మోతిని ఎక్కించారు. చార్మినార్ దగ్గర పెళ్ళి బేరాల జనం. ట్రాలీ కదల్లేదు. గాజుల పెట్టెలు మోసుకుపోయే హమాలీలు మోతి మూతి తోసుకుంటూ వెళ్ళారు. రామ్‌చందర్ హారన్ కొట్టమంటే డ్రైవర్, "కొడితే ఏమైతది బాపూ, చార్మినార్ జరుగుతదా?" అన్నాడు. నయాపూల్ దాటి గ్రౌండ్‌కు చేరేసరికి మొదటి సగం అయిపోవస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్, పేడ వేస్తే మీరే ఎత్తాలని ఒక్కటే షరతు పెట్టి లోపలికి వదిలాడు.

రామ్‌చందర్ చూస్తుండగానే యశోద పరుగున వచ్చి కుడి చేతివైపు బాస్కెట్‌లో బాల్ వేసింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మోతిని తిన్నగా ఆ పోల్ వెనకకు తీసుకుపోయి, రెండు ముళ్ళు వేసి కట్టాడు. కొమురమ్మ పీట వేసింది. ఆ తండ్రి ఎన్నడూ ఆట పూర్తిగా చూసినవాడు కాదు. ఆయన ఆట చూసే వేళకు పాలెవరు పోస్తారు? సగం అయ్యాక జట్లు దిక్కులు మార్చుకుంటాయని, మొదట బాల్ వేసిన బాస్కెట్‌నే ఆ తర్వాత కాపాడుకోవాలని ఆయనకు తెలియదు.

ఆటలో మునిగిన శ్రీపాద అది చూసేసరికి ఆఖరి క్వార్టర్ మొదలైపోయింది. యశోద జట్టు కొద్దిగా ముందుంది. ఆయన బెంచీ దగ్గర నుంచి చేతులు ఊపాడు. "రామ్‌చందర్, అటు కాదయ్యా, ఇటు, ఇటు!" రామ్‌చందర్ ఉలిక్కిపడి ముడి పట్టుకున్నాడు. తడి తాడు, ముడి ఊడలేదు.

మోతి మెడ చాచి పిలిచింది.

యశోద అప్పుడు బాల్‌తో ముందుకు పోతోంది. ఎదురుగా ఖాళీ, ఒక్క దూకు దూకితే రెండు పాయింట్లు. కాళ్ళు ఆగిపోయాయి. బాల్ సంహిత చేతిలో పెట్టి, గిరుక్కున తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది. నీడలో కుర్చీలవాళ్ళు నవ్వారు. సూర్యప్రభ నవ్వలేదు, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

సొంత బాస్కెట్ కింద, మోతికి వీపు ఇచ్చి నిలబడింది యశోద. ముందుకు పొమ్మని శ్రీపాద అరిచినా కదల్లేదు. ఎదుటి జట్టు పొడుగు పిల్ల బాల్ తీసుకుని ఆ దిక్కుకు వచ్చింది. పీట మీద కూర్చున్న కొమురమ్మకు మోతి పాలు ఇస్తోంది. పాలిచ్చే తల్లి మీదికి ఎవరో వస్తున్నారు. యశోదకు అంతే తోచింది. ఆమె లేచిన ఎత్తుకు బాల్ ఆ పిల్ల చేతిలోనే ఆగిపోయింది. మళ్ళీ వచ్చారు, మళ్ళీ తోసింది. పక్క నుంచి వచ్చారు, అక్కడా ఆమే ఉంది. ముందుపక్క సంహితతో కలిపి నలుగురే ఆడుతున్నారు, వాళ్ళు పడుతూ లేస్తూ ఒకటీ అరా వేస్తున్నారు. ఎదుటివాళ్ళు దూరం నుంచి వేసినవి కొన్ని పడ్డాయి. తేడా తగ్గుతూ తగ్గుతూ ఒక్క పాయింటుకు వచ్చింది.

రామ్‌చందర్ ముడి విప్పడం ఆపేశాడు. తాడు చేతిలో పట్టుకుని ఆట వైపు తిరిగాడు.

పొడుగు పిల్ల ఆఖరిసారి గాల్లోకి లేచింది. దాంతోపాటే యశోదా లేచింది. అరచేయి తగిలిన చప్పుడు గేటు దాకా వినపడింది. బాల్ పోయి తవుడు బకెట్‌లో పడింది. విజిల్ మోగింది.

సంహిత వచ్చి మీదపడి కౌగిలించుకుంది. శ్రీపాద ముఖం తుడుచుకుంటూ, నవ్వాలో తిట్టాలో తెలియక నిలబడ్డాడు. రామ్‌చందర్ మాత్రం కూతురి ముఖంలోకి చూడలేకపోయాడు.

"తప్పు దిక్కు కట్టిన బిడ్డా. నాకెరుక లేకపాయె."

"నువ్వు కాదు బాపూ. ఇన్నేండ్లు నేనే తప్పు దిక్కు ఉరికిన."

సూర్యప్రభ కుర్చీలవాళ్ళను దాటుకుని వచ్చింది. తన దగ్గర బాల్ వేసేవాళ్ళకు కొదవ లేదని, కాపాడేవాళ్ళే దొరకడం లేదని శ్రీపాదతో చెప్పింది. యశోదను వచ్చే నెలలోనే చేరమంది. తర్వాత మోతిని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"మా గ్రౌండ్ వెనకాల షెడ్డు ఒకటి ఖాళీగానే ఉంది. దీనికి గడ్డి ఎంత కావాలమ్మా?"

కొమురమ్మ తల ఎత్తలేదు. పాలు పిండేటప్పుడు మాట్లాడితే మోతి బెదురుతుంది. చేయి చూపించి ఆగమంది. సూర్యప్రభ బకెట్‌లోంచి బాల్ తీసి, అంటిన తవుడు చేత్తో దులిపి, పిండడం అయ్యేదాకా నిలబడింది.