ఆట మధ్యలో ఆగిపోతే

సీపీయూను కుడిచేత్తో నడుముకు ఆనించుకుని, ఆయాసపడుతూ చెల్లి షాపులోకి వచ్చేసరికి మెకానిక్కక్క ఇంకో మిషను పొట్ట విప్పి కూర్చుంది. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె మెకానిక్కక్కే. నిజంగా అక్క అయింది మాత్రం ఈ పిల్లకు ఒక్కదానికే.

చెల్లి సీపీయూను బల్ల మీద దించింది. దించేటప్పుడు కూడా ఎడమచెయ్యి సాయం పట్టలేదు.

"చేతికేమైందే?"

"డ్రాయరులో ఇరుక్కుందక్కా."

"ఏ డ్రాయరు? మణికట్టు మీద మనిషి వేళ్ల అచ్చులు దింపే డ్రాయరా?"

చెల్లి ఆ చేతిని వీపు వెనక్కి దాచుకుంది. తర్వాత ఏడవకుండా, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పేసింది. ఆమె మొగుడు స్నేహితులతో టీము కట్టి తుపాకుల ఆట ఆడతాడు. మంచి రసపట్టులో ఉండగా తెర నల్లబడి, మెమరీ చాల్లేదని ఒక ముక్క కనబడి, ఆట మూసుకుపోతుంది. ఆ ముక్క కనబడిందంటే ఎదురుగా ఉన్నది ఏదైనా విరగాల్సిందే. మొదట్లో కీబోర్డు విరిగింది. తర్వాత వంటింటి తలుపు. ఇప్పుడు కీబోర్డూ తలుపూ బాగానే ఉంటున్నాయి.

"నా ఫొటోల వల్లేనంటాడు" అంది చెల్లి. స్టూడియో వాళ్ల ఫొటోలు ఇంట్లో కూర్చుని, అదే కంప్యూటరు మీద దిద్దడం ఆమె పని. "ఆ ప్రోగ్రాం మెమరీ అంతా మింగేస్తోందట. అందుకని ఆయన వచ్చే ముందే అన్నీ మూసేసి, మిషను ఆపి, మళ్లీ ఆన్ చేసి పెడుతున్నా. అయినా పడిపోతోంది."

"ఎక్కడున్నాడు వాడు? గోడౌన్లో సామాన్ల బండి తోలుతున్నాడా? పద, ఆ బండి కిందే వేసి వస్తా."

"అక్కా, నీకు దణ్ణం పెడతా! మామూలప్పుడు ఆయన బంగారం. ఆట ఆగకుండా చూడు, చాలు. ఆ ఒక్కటీ బాగుచేసి పెట్టు."

సరిగ్గా ఇక్కడే మెకానిక్కక్క బుద్ధి గడ్డి తిన్నది. కోపం నషాళానికి అంటినా, చేతులు మాత్రం స్క్రూల మీదికి పోయాయి. ఆమెకు వచ్చిన విద్య అదే మరి. మిషను పడిపోతోందంటే ఏదో కారణం ఉంటుంది, ఆ కారణాన్ని పట్టుకుని పీకేస్తే రోగం కుదురుతుంది. ఇన్నేళ్లలో ఆ నమ్మకం ఆమెను ముంచింది లేదు. చెల్లి మణికట్టు మీది గుర్తులను కూడా ఆమె ఆ లెక్కలోనే వేసేసుకుంది.

ర్యామ్ ముక్కలను పీకి, ఒక్కొక్కటే పెట్టి పరీక్షించింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఫొటోల ప్రోగ్రాం జోలికి వెళ్లకుండా ఆట ఒక్కదాన్నే నడిపించి, పక్క తెరలో మెమరీ ఎంత నిండిందో చూపే గీతను చూస్తూ కూర్చుంది. ఇటు సైనికులు ఒకళ్ల తలలు ఒకళ్లు పగలగొట్టుకుంటుంటే, అటు గీత పైపైకి పాకుతోంది. కూలిన వంతెన ఉన్న మైదానంలోకి అడుగుపెట్టగానే గీత కప్పుకు తగిలింది. ఆట చప్పుడు లేకుండా చచ్చింది.

సెట్టింగులు తెరిచి చూసి ఆమె నోరు వెళ్లబెట్టింది. మెమరీ నిండిపోతే మిగిలింది కాసేపు డిస్కులో పెట్టుకోవడానికి కంప్యూటరుకు ఒక చోటు ఉంటుంది. పేజ్ ఫైల్ అంటారు. ఇంట్లో జాగా చాలనప్పుడు పెట్టెలు అటక ఎక్కించడం లాంటిదే. ఆ చోటును ఎవరో పనిగట్టుకుని తీసేశారు.

"దీన్ని నువ్వు కెలికావా?"

"అదేంటో కూడా నాకు తెలీదక్కా. ఆయనే ఏదో వీడియో చూశాడు. అది తీసేస్తే ఆట గుర్రంలా పరిగెడుతుందని..."

"ఎప్పుడు చేశాడు?"

"ఆట పడిపోవడం మొదలవక ముందు" అంది చెల్లి. అని, తన మాట తానే విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అక్కకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. తన చేతుల్తో అటక పీకేసుకుని, ఇల్లు ఇరుకైందని పెళ్లాన్ని చావబాదే మొనగాడు! పేజ్ ఫైల్ మళ్లీ పెట్టింది. ఇంకో ర్యామ్ ముక్క బిగించింది. ఆటలో బొమ్మల నాణ్యత కాస్త తగ్గించింది. వంతెన మైదానంలో తిరిగి తిరిగి ఆడింది. గీత సగం దాటింది గానీ కప్పు దరిదాపులకు పోలేదు.

"కుదిరింది పో" అంది. చెల్లి ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి మెకానిక్కక్క తన పనికి తానే మురిసిపోయింది.

సాయంత్రం సీపీయూను తానే మోసుకుని చెల్లి వాళ్లింటికి వెళ్లింది. మరిది తలుపు తీశాడు. సన్నగా, నీటుగా, మాట మెత్తగా ఉండే రకం మనిషి.

"రండి వదినా, రండి. మీకెందుకీ శ్రమ? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా."

వైర్లు తగిలిస్తూ ఆమె నిలదీసింది. "మరిదిగారూ, తప్పు ఫొటోలది కాదు. పేజ్ ఫైల్ మీరే తీసేశారు. ఆట పడిపోయింది అందుకు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే నవ్వేశాడు. "వాడెవడో వీడియోలో అలా చెప్పి చచ్చాడు వదినా." చెల్లి వైపు మాత్రం చూడలేదు. అక్క అది గమనించింది. గమనించి కూడా ఊరుకుంది.

అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆట మొదలుపెట్టాడు. తెర మూలన మెమరీ గీత కనబడేలా ఆమె ముందే పెట్టి ఉంచింది. అక్కాచెల్లెళ్లు కుర్చీ వెనక నిలబడ్డారు. తుపాకులు మోగాయి, బాంబులు పేలాయి, వంతెన వచ్చింది. చెల్లి అక్క చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. గీత కాస్త లేచి ఆగింది. వంతెన దాటింది. చెల్లి నిట్టూర్చి, చాలా రోజుల తర్వాత పళ్లు కనబడేలా నవ్వింది.

ఆ తర్వాత ఎవడో ఇంటి కప్పు మీద నుంచి మరిది సైనికుణ్ణి కాల్చేశాడు. టీము ఓడిపోయింది. హెడ్‌ఫోన్స్‌లోంచి స్నేహితుల వెకిలి నవ్వులు గదిలోకి వినిపించాయి.

అతను అరవలేదు. హెడ్‌ఫోన్స్ తీసి, వైరు చుట్టి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. లేచి వెనక్కి తిరిగి చెల్లి చెంప ఛెళ్లుమనిపించాడు. ఆమె తూలేలోపే జుట్టు దొరకబుచ్చుకుని తలను గుమ్మానికేసి కొట్టాడు.

"వెనకాల దయ్యంలా నిలబడతావేంటే? నీ ఊపిరి మెడ మీద పడుతుంటే నాకు గురెలా కుదురుతుంది?"

మెకానిక్కక్క ఒక్క అంగలో బల్ల దగ్గరకు దూకింది. మరుక్షణం కీబోర్డు ఆమె చేతిలో ఉంది. వైరు ఊడొచ్చేలా లాగి అతని మూతి మీద అడ్డంగా కొట్టింది. మీటలు ఊడి గదంతా చిందాయి. "నువ్వు మనిషివట్రా? వదులు దాన్ని!" ఇన్నేళ్లూ గారు తగిలించి పిలిచిన నోరే అది. అతను మోచేత్తో ఆమె రొమ్ములో పొడిచి గోడకు నెట్టాడు. ఊపిరి ఆడక వంగిపోతూనే ఆమె అతని ముంజెయ్యి అందుకుని కొరికింది. నాలుకకు ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. అతను కేకపెట్టి చెల్లి జుట్టు వదిలాడు. అక్క కీబోర్డులో మిగిలిన ముక్కతో ఇంకోటి వేసింది, ఈసారి ముక్కు మీద. అతను కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

గదిలో ముగ్గురి రొప్పులే వినిపిస్తున్నాయి. అతను ముక్కు పట్టుకుని లేచి కూర్చుంటూ, అప్పుడే గొంతు మార్చేశాడు. "ఏదో చెయ్యి అలా వచ్చేసింది వదినా. కావాలని చేస్తానా? ఓడిపోయిన చిరాకు... ఇంకోసారి జరగదు."

చెల్లి గుమ్మానికి ఆనుకుని చతికిలబడి ఉంది. కనుబొమ దగ్గర చిట్లి నెత్తురు బుగ్గ మీదికి కారుతోంది. ఆమె మొగుణ్ణి చూడటం లేదు. తెరను చూస్తోంది. తర్వాతి ఆటకు సైనికులందరూ బతికి లేచి వరసగా నిలబడ్డారు.

"అక్కా, ఆట ఆగిందా?"

మెకానిక్కక్క తెర వైపు చూసింది. "లేదమ్మా. నడుస్తోంది."

"మెమరీ?"

"ఇంకా బోలెడంత ఉంది."

చెల్లి తల ఊపింది. కళ్లల్లో నీళ్లు అప్పుడు తిరిగాయి, దెబ్బకు కాదు. ఫొటోలన్నీ మూసేసి, మిషను ఆపి, మళ్లీ వేసి, ఊపిరి బిగబట్టుకుని గడిపిన సాయంత్రాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు ఉంది. ముంజేత్తో నెత్తురు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది.

"అయితే పద."

"ఏయ్, ఎక్కడికే?" అన్నాడు అతను కింది నుంచి.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. అక్క వెనకే దిగింది.